రయట్ ఎంఎంఓ కోసం ఇప్పుడే గేమింగ్ పీసీ కొనొచ్చా?

ప్రశ్న: కడపలో డిగ్రీ చదువుతున్నా. లీగ్ ఆఫ్ లెజెండ్స్ గేమ్ ప్రపంచంతో రయట్ కంపెనీ తీస్తున్న ఎంఎంఓ (వేలమంది ఒకేసారి ఆన్‌లైన్‌లో కలిసి ఆడే గేమ్) ఆడాలని పీసీ కొందామనుకుంటున్నా. కొనొచ్చా?

వద్దు తమ్ముడూ, ఆ డబ్బు దగ్గరే పెట్టుకో.

ఈ గేమ్ సంగతి 2020 డిసెంబరులో బయటికొచ్చింది. దాన్ని ముందుండి నడిపిన గ్రెగ్ స్ట్రీట్ 2023లో కంపెనీ వదిలేశాడు. 2024 మార్చిలో సహ వ్యవస్థాపకుడు మార్క్ మెరిల్ అసలు మాట చెప్పాడు: ఇప్పటికే ఉన్న ఎంఎంఓలకు, దీనికి పెద్ద తేడా కనిపించక దిశ మార్చేశారు, ఇక కొన్నేళ్లు ఏ కబురూ ఉండకపోవచ్చు. మొహమాటం లేకుండా చెప్పడం నాకు నచ్చింది గానీ, నీ పీసీకి మాత్రం అది శుభవార్త కాదు.

పేరున్న ప్రపంచమైతే మొదటి నెల జనం ఎగబడతారు, నిజమే. స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ అనే ఎంఎంఓ 2011 డిసెంబరులో నెల చందాతో వచ్చింది. కథ అయిపోయినవాళ్లు మెల్లగా జారుకున్నారు. ఏడాది తిరక్కుండానే ఉచితంగా ఆడే దారి తెరవక తప్పలేదు. ఎంఎంఓకి కథకన్నా రోజూ లాగిన్ అయ్యే జనం ముఖ్యం.

నా పెద్ద అనుమానం పింగ్ మీద, అంటే మన పీసీ నుంచి సంకేతం సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం మీద. రయట్‌దే అయిన షూటింగ్ గేమ్ వాలరెంట్‌కు ముంబైలో సర్వర్లున్నాయి కాబట్టి కడపలోనూ ఆట సాఫీగా నడుస్తుంది. దీనికీ అక్కడే పెడతారని ఎవరూ మాటివ్వలేదు. దూరపు సర్వరైతే హీలర్‌గా (జట్టువాళ్ల గాయాలు మాన్పేవాడిగా) నువ్వు బటన్ నొక్కేలోపు ముందున్న ట్యాంక్ (జట్టు కోసం దెబ్బలు కాచే ఆటగాడు) చచ్చిపోయి ఉంటాడు, తిట్లు నీకు!

చదువుకు పీసీ కావాలంటే కొనుక్కో. ఈ ఆట కోసమే అయితే, అది వచ్చేసరికి ఇప్పటి గ్రాఫిక్స్ కార్డు పాతబడిపోతుంది.