క్వార్టర్‌బ్యాక్‌ను మార్చే ముందు లైను చూడండి

మీరు అడిగింది ఇది: మ్యాడెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో, ఒకే జట్టును ఏళ్ల తరబడి నడిపే ఫ్రాంచైజ్ మోడ్‌లో, కరోలినా పాంథర్స్ జట్టును తీసుకున్నారు, మొదటి సీజన్‌లో 3 గెలిచి 14 ఓడారు, జట్టు జీతాల మొత్తానికి ఉన్న పరిమితి, అంటే శాలరీ క్యాప్, నిండిపోయింది. బంతి విసిరి దాడిని నడిపించే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను వదిలించుకుని పేరున్నవాడిని తెచ్చుకోవాలా, వద్దా?

గుంటూరు నుంచి ఈ ప్రశ్న రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. మన వైపు ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి నాలుగు మాటలు మాట్లాడుకుందామంటే విజయవాడలో మనిషి దొరకడం కష్టం. నాకు ఈ ఆట మా పెదనాన్నగారి అబ్బాయి వల్ల పరిచయమైంది. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, నేను సత్యనారాయణపురంలో. ఇద్దరం ఒకే ఆన్‌లైన్ ఫ్రాంచైజ్‌లో ఆడతాం. అతను రాత్రి భోజనం ముగించి కూర్చునే వేళకు నేను పొద్దుటి కాఫీ తాగుతుంటాను. అతనిది డాలస్ జట్టు కౌబాయ్స్. నేను కోరి తీసుకున్నది న్యూయార్క్ జెట్స్, 2010 సీజన్ తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడని జట్టు. పడిపోయిన జట్టును లేపడమే ఈ మోడ్‌లో అసలు ఆట అని నా నమ్మకం.

మీ ప్రశ్నకు నా జవాబు: మార్చవద్దు. కనీసం ఇప్పుడే మార్చవద్దు. ముందు అతని ఎదుట నిలబడి కాపాడే లైనును, అంటే మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్‌లు, ఆ అయిదుగురిని మార్చండి.

ఒక పని చేసి చూడండి. మీరు ఓడిన ఆటల్లో ఏదో ఒకదాన్ని మళ్లీ ఆడేటప్పుడు, మూడో డౌన్ (మూడో ప్రయత్నం) వచ్చి క్వార్టర్‌బ్యాక్ కింద పడిన ప్రతిసారీ రీప్లే తెరిచి, కెమెరాను అతని వెనక్కి తీసుకువెళ్లండి. బంతిని కాదు, గార్డుల కాళ్లను చూడండి. మా జెట్స్‌లో నేను చూసింది చెబుతాను. ఎడమ గార్డు మొదటి అడుగు వెనక్కి వేసే లోపే ఎదుటి జట్టు డిఫెన్స్‌లో మధ్యన నిలబడే డిఫెన్సివ్ టాకిల్ అతని భుజం దాటిపోయేవాడు. సెంటర్ సాయానికి తిరిగితే అటు పక్క ఖాళీ అయ్యేది. బంతి పట్టాల్సిన రిసీవర్ తన పరుగు దారిలో మలుపు తిరగక ముందే మా వాడు నేల మీద ఉండేవాడు. అక్కడ ఎంత గొప్ప చేయి ఉన్నా ఏం లాభం? బంతి విసరడానికి కావలసిన క్షణమే లేదు.

ఇది వీడియో గేమ్‌కే పరిమితమైన విషయం కాదు. 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ కొత్తగా లీగ్‌లోకి వచ్చి, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్‌తో (ఎంపిక వంతుతో) డేవిడ్ కార్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. ఆ ఒక్క సీజన్‌లో అతన్ని 76 సార్లు శాక్ చేశారు, అంటే బంతి విసరక ముందే పడగొట్టారు. ఒక సీజన్‌లో ఏ క్వార్టర్‌బ్యాక్ కూడా అన్నిసార్లు పడలేదు. మీ పాంథర్స్ సంగతే చూడండి. 2023లో మొదటి పిక్‌గా వచ్చిన బ్రైస్ యంగ్‌ను 62 సార్లు పడగొట్టారు, జట్టు 2 గెలిచి 15 ఓడింది. తర్వాతి మార్చిలో ఆ జట్టు నిజంగా ఏం చేసిందో గమనించండి. రాబర్ట్ హంట్‌కు అయిదేళ్లకు 100 మిలియన్ డాలర్లు, డేమియన్ లూయిస్‌కు నాలుగేళ్లకు 53 మిలియన్లు. ఇద్దరూ గార్డులే.

డెట్రాయిట్ లయన్స్ కథ ఇంకా బాగుంటుంది. 2021లో తమ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ను రామ్స్ జట్టుకు ఇచ్చి, బదులుగా వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ను, రెండు మొదటి రౌండు పిక్‌లను, ఒక మూడో రౌండు పిక్‌ను తీసుకున్నారు. కొత్త జనరల్ మేనేజర్ బ్రాడ్ హోమ్స్ ఆ ఏడు డ్రాఫ్ట్‌లో మొదట ఎంచుకున్నది పెనే సూవెల్‌ను, ఒక టాకిల్‌ను. ఆ సంవత్సరం 3 గెలుపులే. మరుసటి ఏడు 9, ఆ తర్వాత 12, 2024లో 15. గాఫ్ పని అయిపోయిందని అన్నవాళ్లే, మంచి లైను వెనుక అతను నిలకడగా ఆడటం చూశారు. మీ క్వార్టర్‌బ్యాక్ కూడా గాఫ్ అవుతాడో కాదో లైను బాగుపడితేనే తెలుస్తుంది, ముందే తీర్పు చెప్పడం అన్యాయం.

ఇక డబ్బు సంగతి. క్యాప్ నిండిపోయిందన్నారు కదా, అక్కడ చాలామంది తడబడతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆటగాడి ఒప్పందంలో రెండు భాగాలుంటాయి, జీతం, బోనస్. బోనస్‌ను ఒప్పందం ఉన్నన్నేళ్లకూ సమానంగా పంచి క్యాప్‌లో రాస్తారు. 20 మిలియన్ల బోనస్‌తో నాలుగేళ్ల ఒప్పందం అనుకోండి, ఏటా 5 మిలియన్లు పడుతుంది. రెండేళ్లయ్యాక అతన్ని వదిలేస్తే జీతం మిగులుతుంది కానీ, ఇంకా రాయని 10 మిలియన్ల బోనస్ మీ నెత్తినే పడుతుంది. ఆటలో దీన్ని క్యాప్ పెనాల్టీ అంటారు. అందుకే ఎవరినైనా తీసేసే ముందు జీతం ఎంత మిగులుతుందో, పెనాల్టీ ఎంత పడుతుందో పక్కపక్కన పెట్టి చూడండి. పెనాల్టీయే ఎక్కువైతే అతన్ని మరో ఏడాది ఆడనివ్వండి. తీసేయక తప్పనివాళ్ల విషయంలో మాత్రం, మొదటి సీజన్ ఎలాగూ పోయింది కాబట్టి, ఆ పెనాల్టీలన్నీ ఇప్పుడే కట్టేసుకోవడం నయం. కొత్త ఒప్పందాలు రాసేటప్పుడు కుర్ర లైన్‌మెన్‌కు బోనస్ ఎక్కువ ఇచ్చినా పరవాలేదు, వాళ్లను ఎలాగూ ఉంచుకుంటారు. వయసు మీరినవాళ్లకు మాత్రం ఒక్క ఏడాది, తక్కువ బోనస్. అంతకు మించి వద్దు.

తర్వాత జట్టు జాబితాను రేటింగ్ ప్రకారం కాకుండా వయసు ప్రకారం పేర్చండి. సీజన్ ముగిశాక పెద్ద వయసు ఆటగాళ్ల రేటింగ్‌లు తగ్గుతాయి, అన్నిటికంటే ముందు బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లవి. లైన్‌మెన్ ముప్పై దాటినా కొన్నాళ్లు నిలబడతారు, క్వార్టర్‌బ్యాక్‌లు ఇంకా ఎక్కువ కాలం. మీది గుంటూరు కాబట్టి ఇది వెంటనే అందుతుంది: కోల్డ్ స్టోరేజీలోని మిరపకాయలను రంగు పోయేదాకా ఎవరూ ఉంచరు, రంగు ఉండగానే యార్డుకు తోలతారు. ఇరవై ఎనిమిదేళ్ల మంచి రన్నింగ్ బ్యాక్‌ను కూడా సీజన్ మధ్యలో, జట్ల మధ్య మార్పిడికి, అంటే ట్రేడ్‌కు, ఉన్న గడువు ముగిసేలోపు, రేటింగ్ మీద ఇంకా ఆశ ఉన్న జట్టుకు ఇచ్చేయండి. బదులుగా ఆటగాళ్లను అడగకండి, పిక్‌లు అడగండి. అదీ వచ్చే ఏటివి, ఈ ఏడు ఓడేలా కనిపిస్తున్న జట్టువి, ఎందుకంటే ఎక్కువ ఓడిన జట్టుకే డ్రాఫ్ట్‌లో ముందు వంతు.

ఈ సూత్రాన్ని నిజజీవితంలో మీ జట్టు మీదనే ప్రయోగించారు. 2023లో షికాగో బేర్స్ తమ మొదటి పిక్‌ను పాంథర్స్‌కు ఇచ్చి, రిసీవర్ డీజే మూర్‌తో పాటు 2024 మొదటి రౌండు పిక్‌ను కూడా తీసుకుంది. పాంథర్స్ చిట్టచివరన నిలవడంతో ఆ పిక్ 2024లో మొట్టమొదటిది అయింది, దానితో బేర్స్ క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్‌ను ఎంచుకుంది. అన్నయ్య అయితే ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా 1989 దగ్గరకు వెళ్లిపోతాడు. ఆ అక్టోబరులో కౌబాయ్స్ తమ ఏకైక తార, రన్నింగ్ బ్యాక్ హర్షెల్ వాకర్‌ను మిన్నెసోటా జట్టుకు ఇచ్చి ఆటగాళ్లనూ, పిక్‌ల గుట్టనూ తెచ్చుకుంది. ఆ ఏడు గెలిచింది ఒకే ఒక్క ఆట. 1992, 1993, 1995 సీజన్లలో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, వాళ్లదే. ఆ మాట చెప్పేటప్పుడు అన్నయ్య గొంతులోని గర్వం వినాలి.

పిక్‌లు వచ్చాక ఏం చేయాలంటే, గార్డులూ సెంటర్లూ రెండో, మూడో రౌండులో కూడా మంచివాళ్లు దొరుకుతారు. టాకిల్ కావాలంటే మాత్రం మొదటి రౌండే. మొత్తం రేటింగ్ చూసి ఆగిపోకండి, పాస్ బ్లాక్ (బంతి విసిరేటప్పుడు క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే నేర్పు), దాని కింద పవర్, ఫినెస్, ఆ పైన బలం, అవేర్‌నెస్ విడివిడిగా చూడండి. మీ స్కీమ్‌కు, అంటే జట్టు ఆడే పద్ధతికి, సరిపోయేవాడైతే ఎదుగుదల కూడా త్వరగా ఉంటుంది. ఎంత వేగంగా ఎదుగుతాడో చెప్పే డెవలప్‌మెంట్ ట్రెయిట్ మొదట్లో దాగి ఉండవచ్చు, కొంతకాలం మైదానంలోకి దింపితేనే బయటపడుతుంది. కాబట్టి ఓడే సీజన్‌లో కుర్రవాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టడం శుద్ధ దండగ. నేను మూడో రౌండులో తీసుకున్న గార్డు మొదట 68 రేటింగ్‌తో వచ్చాడు, పట్టు వదలకుండా ఆడించాను. మరుసటి సీజన్‌కు మావాళ్లు బంతి పట్టుకుని పరుగెత్తిన ఆటలన్నీ అతని పక్క నుంచే సాగాయి. రిసీవర్ పట్టిన టచ్‌డౌన్ కన్నా అతను ఎదుటివాడిని పక్కకు తోసి దారి తీసిన దృశ్యం నాకు ఎక్కువ ఆనందాన్నిచ్చింది.

లైను తయారయ్యేదాకా లోతైన పాస్‌ల జోలికి పోకండి. స్లాంట్‌లు, స్క్రీన్‌ల వంటి పొట్టి పాస్‌లు, రెండడుగుల్లో చేతిలోంచి బంతి వదిలే ఆటలు పిలవండి. శాక్‌లు అక్కడే బాగా తగ్గుతాయి.

ఒక్క మనవి. కంప్యూటర్ జట్లను మోసం చేసే ట్రేడ్‌లు ఎన్నో ఉన్నాయి, పనికిరాని బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌ను ఇచ్చి మంచి పిక్‌లు లాగేయవచ్చు. అలా చేయకండి. నేనూ అన్నయ్యా ఒక నియమం పెట్టుకున్నాం: అవతలి జట్టు నిజంగా ఒప్పుకునేదా అని ఇద్దరం అనుకున్న ట్రేడ్‌నే పూర్తి చేస్తాం. సులువుగా వచ్చిన సూపర్ బౌల్ రెండు రోజుల్లో మరిచిపోతాం. నాలుగు సీజన్లు పెంచిన లైను వెనుక, మీరు వదులుకోని కుర్రవాడు చివరి డ్రైవ్‌లో (దాడిలో) 80 గజాలు నడిపించి గెలిపిస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు.

మీ అయిదుగురు లైన్‌మెన్ వయసులు, పాస్ బ్లాక్ రేటింగ్‌లు, ఒప్పందంలో మిగిలిన ఏళ్లు ఇక్కడ రాయండి. ఈ ఆఫ్‌సీజన్‌లో ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని వదలాలో వరసగా చెబుతాను.