తిరుమల దర్శనం తర్వాత రెండు రోజులు: తిరుపతి చుట్టూ చరిత్ర చూడాలంటే ఏ దారి?

మీరు అడిగింది ఇదీ: కొండ మీద దర్శనం అయ్యాక రెండు రోజులు చేతిలో ఉన్నాయి, వెంట మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు ఉన్నారు, గుళ్లతో పాటు పాత కట్టడాలూ చూడాలి, ఏ వరసలో తిరగాలి?

రోజుకు ఒక దిక్కు పెట్టుకోండి. శ్రీకాళహస్తి తిరుపతికి తూర్పు వైపు, కాణిపాకం దానికి పూర్తిగా ఎదురు వైపు. ఈ రెంటినీ ఒకే రోజులో కలిపి తిప్పే ప్యాకేజీలు ఉన్నాయి. వాటిలో వెళ్తే రోజంతా కారులోనే గడిచిపోతుంది. పైగా పురాతన శివాలయం ఉన్న గుడిమల్లం అనే ఊరు వాటిలో సాధారణంగా ఉండదు. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లు ఈ జిల్లాలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది మాత్రం అదే.

మొదటి రోజు ఉదయం ఏడు లోపు బయల్దేరి, రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం చేరండి. స్వర్ణముఖి ఒడ్డున చిన్న ఊరు. గుడి పేరు పరశురామేశ్వరాలయం, కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. గర్భగుడి నేల బయటి మండపం కన్నా పల్లంలో ఉంటుంది కాబట్టి అమ్మగారిని చెయ్యి పట్టుకుని దించండి. లింగం సుమారు 5 అడుగుల ఎత్తు. క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటో శతాబ్దాల నాటిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. లింగం ముందు భాగంలోనే శివుడు నిలబడి ఉంటాడు. కుడి చేతిలో పొట్టేలును వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీశాడు. ఎడమ చేతిలో చిన్న పాత్ర, భుజాన గొడ్డలి. పాదాల కింద మోకాళ్ల మీద వంగిన మరుగుజ్జు యక్షుడు. ఒంటి మీద జంధ్యం లేదు, అది ప్రత్యేకంగా గమనించండి. తర్వాతి కాలపు శివుడి విగ్రహాల్లో మనం చూసే చాలా లక్షణాలు ఇంకా ఏర్పడని రోజుల శిల్పం ఇది. పూలు, వస్త్రం నిండుగా ఉన్నప్పుడు ఈ వివరాలేవీ కనబడవు. అభిషేకం వేళ ఎప్పుడో ముందే కనుక్కుని, అలంకారానికి ముందు చూపించమని పూజారిగారిని మర్యాదగా అడగండి. లోపల ఫొటోలు తీయొద్దు. బయటికొచ్చాక వెనక్కి నడిచి విమానాన్ని చూస్తే ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. దాన్నే గజపృష్ఠం అంటారు. గోడల మీద పాత శాసనాలు ఉన్నాయి, చేత్తో రుద్దకండి.

ఊళ్లో హోటళ్లు దొరుకుతాయనుకోవద్దు, టిఫిన్, నీళ్లు వెంట ఉంచుకోండి. బస్సులో వచ్చేవాళ్లు రేణిగుంట నుంచో ఏర్పేడు నుంచో ఆటోను రానూపోనూ మాట్లాడుకోవాలి. ఒకవైపుకే మాట్లాడుకుంటే తిరుగు ఆటో కోసం ఎండలో నిలబడాల్సి వస్తుంది.

అక్కణ్ణుంచి ఏర్పేడు మీదుగా శ్రీకాళహస్తి. ఇక్కడ రద్దీని నడిపించేది రాహుకాలం. రాహుకేతు పూజలకు ఆ వేళకే జనం ఎగబడతారు. ఆదివారం సాయంత్రం 4.30 నుంచి 6 వరకు, మంగళవారం మధ్యాహ్నం 3 నుంచి 4.30 వరకు మీ దర్శనం పడకుండా చూసుకోండి. గర్భగుడిలో గాలి చొరబడే దారి లేకున్నా దీపాల్లో ఒకటి రెపరెపలాడుతుంటుంది. వాయులింగం అనడానికి దాన్నే గుర్తుగా చూపిస్తారు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన పెద్ద గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడు కనిపించేది 2017లో పూర్తయిన కొత్త గోపురం. రాయల కాలపు పనితనం చూడాలంటే లోపలి నూరుకాళ్ల మండపం స్తంభాల దగ్గర ఆగండి. పాతాళ గణపతి దగ్గరికి మెట్లు బాగా ఇరుకు, లోతు కూడా. అమ్మగారిని పైనే కూర్చోబెట్టడం మేలు.

ఈ ఊరు కలంకారీకి పుట్టిల్లు కదా, కొనేటప్పుడు గీత చూడండి. వెదురు కలంతో గీసిన గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. అచ్చు వేసిన గుడ్డ మీద ఒకే బొమ్మ రెండుచోట్ల అచ్చంగా ఒకేలా ఉంటుంది. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డను నానబెట్టాకే గీస్తారు, లేకపోతే రంగు పాకిపోతుంది. నలుపు రంగు తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేసింది.

రెండో రోజు చిత్తూరు రోడ్డు పట్టండి. ముందు శ్రీనివాసమంగాపురం గుడి, పది గంటలకల్లా చంద్రగిరి కోట. కోటలోని రాజమహల్‌లో ఉన్న మ్యూజియానికి శుక్రవారం సెలవు. మీ రెండో రోజు శుక్రవారమైతే రెండు రోజుల వరస తిప్పేయండి. రాజమహల్ మూడంతస్తులు, చెక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. నడిమి దర్బారు హాలులో నిలబడి తల పైకెత్తి చూడండి, పై అంతస్తు దాకా తెరిచే ఉంటుంది. విజయనగర రాజులకు పెనుకొండ తర్వాత ఇదే రాజధాని. 1639లో మద్రాసు స్థలాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన దామెర్ల నాయకులు ఈ చంద్రగిరి రాజుల సామంతులే. పక్కనే ఉన్న చిన్న కట్టడం రాణీమహల్. వచ్చేటప్పుడు దాటే కోటగోడను కూడా దగ్గరికెళ్లి చూడండి: పెద్ద పెద్ద బండలను సున్నం లేకుండా ఒకదానికొకటి అమర్చారు. వెనక కొండ ఎక్కే ఆలోచన అమ్మగారితో వద్దు.

భోజనం చేసి కాణిపాకం బయల్దేరండి. అక్కడ వినాయకుణ్ణి చూసి అందరూ కారెక్కేస్తారు. పక్కనే చోళుల కాలం నాటి మణికంఠేశ్వరాలయం ఉంది, అరగంట ఇస్తే చాలు. వినాయకచవితి మొదలు 21 రోజులు బ్రహ్మోత్సవాలు, ఆ రోజుల్లో మాత్రం ఈ ప్లాన్ నడవదు.

మీరింకా కొండ ఎక్కకపోతే ఒకటి గుర్తుపెట్టుకోండి. శ్రీవారి ఆలయం మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో కృష్ణదేవరాయలు, ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలు ఉంటాయి, భుజాల మీద పేర్లు చెక్కి ఉంటాయి. క్యూ తోపులో అటు తల తిప్పేవాళ్లు తక్కువ. దిగువ తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి పెద్దగోపురం కింది నుంచి వెళ్లేటప్పుడు కూడా గోడలు చూడండి. ఆ గోపురం కట్టించిన స్థానిక పాలకుడు మట్లి అనంతరాజు, ఆయన ముగ్గురు రాణుల శిల్పాలు అక్కడే ఉన్నాయి.

కారు మాట్లాడేటప్పుడు “లోకల్ టెంపుల్స్” అనకుండా ఊళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి, గుడిమల్లం ఉందని గట్టిగా చెప్పి, వెయిటింగ్‌తో సహా రేటు ఖాయం చేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో రాతి ప్రాంగణాలు పదకొండు దాటితే అరికాళ్లు కాలుస్తాయి, అమ్మగారికి మందపాటి సాక్సులు వేయించండి. చిన్న గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, అందుకే గుడిమల్లాన్ని పొద్దున్నే పెట్టాను.

మూడో రోజు దొరికితే పుత్తూరు దారిలో నారాయణవనం, నాగలాపురం, సురుటుపల్లె ఒకే వరసలో పడతాయి. సురుటుపల్లెలో శివుడు పవళించి ఉంటాడు. నాగలాపురం వేదనారాయణస్వామిది మత్స్యావతారం. మార్చిలో మూడు రోజులు సాయంత్రపు ఎండ నేరుగా గర్భగుడిలోకి వచ్చి స్వామి మీద పడుతుంది, దాన్నే సూర్యపూజ అంటారు. మీ ప్రయాణం మార్చి నెలాఖరులో అయితే తేదీలు కనుక్కుని, ఆ ఊరిని సాయంత్రానికి పెట్టుకోండి.