టెక్ సందేహాలు: పాత రివాల్వర్ చౌకగా వస్తోంది, కొనొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. ఇంటి రక్షణ కోసం టారస్ మోడల్ 85 అనే పాత రివాల్వర్ కొందామనుకుంటున్నాను. ఆఫీసులో తెలిసినాయన తక్కువ ధరకే ఇస్తానంటున్నారు. ఇదే మోడల్ వాడుతున్నవాళ్లను అడిగితే ఒకరు ‘ఏళ్ల తరబడి ఉంది, ఒక్క ఇబ్బందీ లేదు’ అంటారు. ఇంకొకరు ‘తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే సిలిండర్ ఇరుక్కుపోతుంది, వద్దు’ అంటారు. ఎవరి మాట నమ్మాలి? దాచడానికి వేలిముద్రతో తెరుచుకునే పెట్టె చాలా? ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. – ఓ పాఠకుడు, టెక్సస్

జవాబు: మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. అన్నిటికంటే ముందు తేలాల్సింది అదే. హెచ్1బి, ఎఫ్1, ఎల్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో తీసుకున్న హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉండటం వంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయరే చెప్పాలి. టెక్సస్‌లో ఇద్దరు వ్యక్తులు నేరుగా అమ్ముకుంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాళ్ల అర్హతను ప్రభుత్వ రికార్డుల్లో చూడటం) అక్కర్లేదు. అందుకే ‘ఎవరూ అడగలేదు కదా, పర్వాలేదు’ అనుకుని మనవాళ్లు పొరపడే ప్రమాదం ఉంది. దొరికితే 15 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు, దేశం నుంచి పంపించేయవచ్చు కూడా. తెలిసి అమ్మినందుకు మీ ఆఫీసాయన కూడా ఇరుక్కుంటారు. గ్రీన్ కార్డు ఉంటే మాత్రం పౌరుల్లాగే కొనుక్కోవచ్చు. వీసా మీదే ఉన్నారనుకుంటే, దయచేసి ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయండి.

గ్రీన్ కార్డు ఉందనుకుని మిగతాది చెబుతాను. మోడల్ 85 బ్రెజిల్ కంపెనీ టారస్ చేసిన చిన్న రివాల్వర్. 0.38 స్పెషల్ తూటాలు ఐదు పడతాయి. మీకు చెప్పిన ఇద్దరూ నిజమే చెప్పి ఉంటారు. ఒక డబ్బా తూటాలు కాల్చి సొరుగులో పెట్టేసినాయనకు ఏళ్లు గడిచినా ఇబ్బంది ఎందుకు వస్తుంది? కాబట్టి ‘ఎన్నేళ్లుగా ఉంది’ అని కాదు, ‘ఎన్ని తూటాలు కాల్చారు, చివరిసారి ఎప్పుడు కాల్చారు’ అని అడగండి. సిలిండర్ ఇరుక్కోవడానికి కూడా చాలాసార్లు కారణం చిన్నదే. కాల్చిన తూటాల ఖాళీ తొడుగులను బయటకు నెట్టే నక్షత్రం ఆకారపు ముక్క కింద కాలని మందు రేణువులు చేరినా, దాని కడ్డీ మర వదులైనా సిలిండర్ బిగుసుకుపోతుంది. మొదటిదానికి బ్రష్‌తో తుడిస్తే చాలు, రెండోదానికి మర బిగిస్తే సరి. అంతమాత్రానికే ఆ మోడల్ మొత్తం పనికిరాదనలేం.

ఇంకొకరి తుపాకీ గురించి ఎంత విన్నా, మీరు కొనబోయేదాన్ని చేత్తో పట్టుకుని చూడాల్సిందే. సిలిండర్ తెరిచి, తూటాలు పట్టే ఐదు గదులూ ఖాళీగా ఉన్నాయని మీరూ అమ్మేవాళ్లూ ఇద్దరూ చూశాకే ముట్టుకోండి. మూసి, వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ (తూటా బయటకు వెళ్లే గొట్టం) మధ్య సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. అది 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు, అంటే జెరాక్స్ కాగితం ఒకటో రెండో పట్టేంత ఉండాలి. సిలిండర్‌ను ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు ఆ గీత లావూ సన్నమూ అవుతుంటే లోపల అరిగిందని అర్థం.

ఆ తర్వాతి పరీక్ష అన్నిటికంటే ముఖ్యం. తుపాకీని ఎవరూ లేని వైపు తిప్పి, తుపాకీ వెనక ఉండే హ్యామర్‌ను (తూటాను పేల్చే సుత్తి లాంటి ముక్క) బొటనవేలితో చాలా మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చి నిలిచేలోపే సిలిండర్ ‘టిక్’మని తాళం పడాలి. ఐదు గదులకూ ఇలాగే చూడాలి. నాలుగు బాగుండి ఒక్కటి ఆలస్యంగా పడినా నేనైతే తీసుకోను. గది బ్యారెల్‌కు ఎదురుగా సరిగ్గా రాకుండా తూటా పేలితే సీసం ముక్కలు పక్కకు చిమ్ముతాయి. పక్కన నిలబడినవాళ్లకు తగలొచ్చు. రిపేరు చేయించవచ్చు గానీ, చౌక రివాల్వర్‌కు గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే మనిషి) కూలీ కలిపితే చౌక అన్న మాటే ఉండదు. ఒంటిమీద గీతలు, మాసిన రంగు మాత్రం పట్టించుకోకండి.

ఇక పెట్టె సంగతి. పాప ఉంది కాబట్టి అసలు టెన్షన్ ఇక్కడే. 2023 అక్టోబర్‌లో ఫోర్ట్రెస్ సంస్థ దాదాపు 61,000 వేలిముద్ర పెట్టెలను వెనక్కి పిలిచింది. అలాంటి పెట్టెలోంచి తీసిన తుపాకీ వల్ల పన్నెండేళ్ల బాలుడు చనిపోయాడని ఒక కోర్టు దావాలో ఆరోపించారు. లోపం ఏమిటంటే, వేలిముద్ర నమోదు చేసేదాకా ఆ పెట్టె ఎవరి వేలికైనా తెరుచుకుంటుంది. నమోదు అయిపోయిందనుకుని యజమాని దాన్ని వాడేస్తుంటాడు. ఈ వార్త చదివినప్పటి నుంచీ, పిల్లలున్న ఇంటికి అంకెలు నొక్కే తాళమో మామూలు తాళంచెవి పెట్టెనో తీసుకోమనే చెబుతున్నాను. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం ఉండాలి.

వేలిముద్రదే కావాలంటే ముందు మోడల్ నంబరు రీకాల్ జాబితాలో ఉందేమో చూడండి. మీ వేలు నమోదు చేశాక, పెట్టె ఖాళీగా ఉన్నప్పుడే మీ మిగతా తొమ్మిది వేళ్లతో, ఇంట్లోవాళ్ల వేళ్లతో నొక్కి చూడండి. బ్యాటరీ తీసి మళ్లీ పెట్టి ఇంకోసారి చూడండి. నమోదు చేయని ఏ వేలికి తెరుచుకున్నా ఆ రోజే షాపులో వెనక్కి ఇచ్చేయండి.