ఇంటి పుస్తకాల జాబితాకు ఏ సైటు?

ప్రశ్న: ఇంట్లో వెయ్యికి పైగా పుస్తకాలున్నాయి. ఎక్కువ భాగం తెలుగువే, పాతవాటికి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) లేదు. ఉన్నదే మళ్లీ కొంటున్నాను, ఎవరు ఏది పట్టుకెళ్లారో గుర్తుండటం లేదు. గుడ్‌రీడ్స్, లైబ్రరీథింగ్, లిబిబ్‌లలో ఏది ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: లైబ్రరీథింగ్. 200 పుస్తకాలు దాటితే డబ్బు కట్టాలన్న షరతును 2020లో ఎత్తేశారు. గుడ్‌రీడ్స్ 2013 నుంచి అమెజాన్‌ది. చదివినవాటి మీద నలుగురితో మాట్లాడుకోవడానికి బాగుంటుంది, బీరువా లెక్కకు కాదు. లిబిబ్ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, 5,000 దాకా ఉచితమే. అయితే అరువు లెక్క కావాలంటే డబ్బు కట్టాలి. లైబ్రరీథింగ్‌లో తీసుకెళ్లినవారి పేరు, తేదీ ఉచితంగానే రాసుకోవచ్చు.

చిక్కంతా తెలుగు పుస్తకాలతోనే. లైబ్రరీథింగ్ ద్వారా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి వివరాలు తెస్తే పేరు ఇంగ్లిషు లిపిలో, అక్షరాల పైన గీతలు, కింద చుక్కలతో వస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే రేపు తెలుగులో వెతికినప్పుడు దొరకదు. పేరు, రచయిత గళ్లను వెంటనే తెలుగులోకి మార్చండి. రచయితను ఎప్పుడూ ఒకేలా రాయండి: ఒకచోట రా.రా., మరోచోట రాచమల్లు రామచంద్రారెడ్డి అని కొడితే మన కడప విమర్శకుడు జాబితాలో ఇద్దరైపోతాడు.

బార్‌కోడ్ 978 లేదా 979తో మొదలైతేనే స్కాన్ చేయండి. 890తో ఉంటే అది మామూలు సరుకు కోడ్, పుస్తకం రాదు. 2007కు ముందువాటిపై పది అంకెల నంబరు ఉంటుంది. దాన్ని టైపు చేస్తే చాలు, చివర ఎక్స్ ఉంటే అదీ కొట్టాలి. నంబరే లేని పుస్తకాన్ని చేత్తో ఎక్కించాల్సిందే. అప్పుడు అట్టను నమ్మకండి. లోపలి పేజీ చూసి ప్రచురణకర్త, ముద్రణ, సంవత్సరం రాయండి. మళ్లీ కొనకుండా ఆపేది ఆ ముద్రణ వివరమే.

పుస్తకం చోటును ట్యాగులో పెట్టండి, ‘బీ2-అ3’ (రెండో బీరువా, మూడో అర) అన్నట్టు. మధ్యలో కామా పెడితే రెండు ట్యాగులుగా విడిపోతుంది.

ప్రశ్న: సైటు నుంచి దించుకున్న సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతలు, ఐఎస్‌బీఎన్‌లు 9.78ఈ+12 అని కనిపిస్తున్నాయి. ఫైలు పాడైందా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఇంకా పాడవలేదు, కానీ అదే రూపంలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి. సేవ్ చేయకుండా మూసేయండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలను సరిగా చదివే పద్ధతి) ఎంచుకోండి. తర్వాత ‘ట్రాన్స్‌ఫామ్ డేటా’లోకి వెళ్లి ఐఎస్‌బీఎన్ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చండి. లేకుంటే సున్నాతో మొదలయ్యే పాత ఇంగ్లిషు పుస్తకాల నంబర్లలో ఆ సున్నా కూడా ఎగిరిపోతుంది.