పిలుపు వచ్చేదాకా ఆగమంది చార్ట్... ఆగాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 33 ఏళ్లు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మావారు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కమీషన్ వ్యాపారం చేస్తారు. అత్తమ్మ, మామయ్య, బావగారి కుటుంబం, మేము అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఏడాది కిందట ఒక ఫ్రెండ్ చెబితే ఆన్‌లైన్‌లో హ్యూమన్ డిజైన్ చార్ట్ తీయించుకున్నాను. పుట్టిన తేదీ, సమయం చూసి మనిషిది ఏ రకమో, ఎలా నడుచుకోవాలో చెప్పే చార్ట్ అది. ఆ రకాల్లో నేను 'ప్రొజెక్టర్' అట. రోజంతా పనిచేసే శక్తి నాకు ఉండదని, దేనికైనా నా అంతట నేను ముందుకెళ్లకుండా అవతలి వాళ్ల నుంచి పిలుపు వచ్చేదాకా ఆగాలని చెప్పారు. చదువుతుంటే ఏడుపొచ్చింది, అంతా నా గురించే రాసినట్టుంది. అప్పటి నుంచి కాలేజీ నుంచి రాగానే గంటసేపు తలుపేసుకుని పడుకుంటున్నా. అత్తమ్మ 'బద్ధకం' అంటుంది. నా జాతకంలో రాక్షస గణమని పెళ్లప్పటి నుంచీ ఎత్తిపొడుస్తూనే ఉంది. మావారిది 'జనరేటర్' రకం అని చెబితే నవ్వేశారు. కాలేజీలో పిలుపు కోసం నేను ఆగితే, హెచ్‌ఓడీ పోస్టు నాకన్నా జూనియర్‌కి ఇచ్చారు. ఇప్పుడు మా ఆరేళ్ల పాపకూ చార్ట్ తీయించి, దాని ప్రకారం పెంచుదామనుకుంటున్నా. తీయించమంటారా?
- ఒక సోదరి

జవాబు: చార్ట్ చదివి ఏడ్చానన్నారు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తెల్లారి లేచి టిఫిన్ బాక్సులు కట్టి, నిలబడి పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి మళ్లీ వంటింట్లోకి వెళ్లే మనిషికి 'నువ్వు అలసిపోవడం తప్పు కాదు' అని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ మాట చార్ట్ చెప్పింది కాబట్టి చార్ట్ మీద నమ్మకం కుదిరింది. ఆ మాట నిజమే, కానీ చార్ట్ కూడా నిజమేనా అన్నది వేరే సంగతి.

హ్యూమన్ డిజైన్ మరీ పాతదేం కాదు. అలన్ క్రాకోవర్ అనే కెనడా ఆయన, తర్వాత రా ఉరు హు అని పేరు మార్చుకున్నాడు, 1987 జనవరిలో స్పెయిన్‌లోని ఇబిజా దీవిలో ఒక స్వరం తనకు ఇదంతా చెప్పిందన్నాడు. పాశ్చాత్య జ్యోతిషం, చైనా వాళ్ల పాత జోస్య గ్రంథం ఐ చింగ్‌లోని 64 గుర్తులు, యూదుల మార్మిక విద్య కబాలా, మన చక్రాలు కలిపి అల్లిన పద్ధతి ఇది. మన ఏడు చక్రాలు అక్కడికెళ్లి తొమ్మిది కేంద్రాలయ్యాయి. పుట్టిన సమయంతో పాటు, అంతకు సుమారు 88 రోజుల ముందు గ్రహాలు ఎక్కడున్నాయో కూడా లెక్కలోకి తీసుకుంటారు. అల్లిక బాగానే ఉంది. అయితే ఈ రకాల వల్లే మనుషులు అలా ఉంటారని శాస్త్రీయంగా రుజువైంది మాత్రం లేదు.

మరి అంతా మీ గురించే రాసినట్టు ఎందుకుంది? 1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే సైకాలజీ అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకని చెప్పి కాగితాలిచ్చాడు. అది మీకు ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరి కాగితాల్లో ఉన్నది ఒకటే రాత. అందులో చాలా వాక్యాలు అంగట్లో దొరికే జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవే. 'మీలో వాడుకోని సామర్థ్యం చాలా ఉంది' లాంటి మాటలు ఎవరికి సరిపోవు చెప్పండి.

రాక్షస గణం అంటే మీకు ఎందుకు మండుతుందో నాకు అర్థమవుతుంది. 27 నక్షత్రాల్లో తొమ్మిది ఆ గణానివే. పొంతన చూసే 36 గుణాల్లో గణానికి ఉన్నవి ఆరు. ఆ ఆరింటిని పట్టుకుని అత్తమ్మ మీ ప్రతి మాటకూ అర్థం చెబుతోంది. మరి 'జనరేటర్' అని మీరు మీవారికి పెట్టిన పేరు? ఆ రకం వాళ్లకు పనిచేసే శక్తి ఎక్కువంటారు కదా. మిర్చి సీజన్‌లో ఘాటుకు కళ్లు మండుతూ ఆయన రాత్రి ఇల్లు చేరితే, ఆయనకు అలుపుండదులే అని మీకు ఒక్కసారైనా అనిపించి ఉంటుంది. ఆయన నవ్వేశారని బాధపడకండి. ఈ రోజు ఎట్లుందని అడిగి చూడండి.

అలసట సంగతికొస్తే, చార్ట్ కన్నా ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చూపించుకోండి. రిపోర్టుల్లో ఏదైనా తేడా ఉంటే, ఏడాదిగా మీరు 'నా స్వభావం' అనుకుంటున్నది మందులతో తగ్గేదేమో. ఏమీ లేకపోయినా ఆ గంట విశ్రాంతి మీకు అవసరమే. దాన్ని వదులుకోమని నేను చెప్పను.

తలుపేసుకునే తీరు మాత్రం మార్చండి. చెప్పకుండా గదిలోకి వెళ్తే ఉమ్మడి ఇంట్లో దానికి ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీస్తారు. పైగా ఆ గంటలో మీ వంతు పని మీ యారాలి మీద పడుతుంది, ఆ సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు ఆమెతో కూర్చుని మాట్లాడుకోండి. సాయంత్రం ఆమె చూసుకుంటే, పొద్దున ఆమె పిల్లల బాక్సులు కూడా మీరే కట్టండి. అత్తమ్మకు ప్రొజెక్టర్ అంటే ఏం తెలుస్తుంది? "అత్తమ్మా, పొద్దంత నిలబడి పాఠాలు చెప్పిన, కాళ్లు గుంజుతున్నయి. గంటసేపు ఒరుగుత, లేచినంక రొట్టెలు నేనే చేస్త" అనండి. మొదట్లో గొణుగుతుంది, గొణగనివ్వండి. చేస్తానన్న రొట్టెలు మాత్రం రోజూ చేయండి.

హెచ్‌ఓడీ విషయంలోనే నాకు ఎక్కువ బాధనిపించింది. పిలుపు కోసం ఆగమనడం పెళ్లి, ఉద్యోగం, ఇల్లు లాంటి పెద్ద విషయాలకేనని ఆ పద్ధతి నేర్పేవాళ్లే అంటారు. ఉద్యోగం ఆ జాబితాలో ఉంది కదా అంటారేమో. ఆ పోస్టు మీకు కావాలన్న సంగతే ప్రిన్సిపాల్‌కు తెలియనప్పుడు పిలుపు ఎక్కడి నుంచి వస్తుంది? నోరు తెరిచి అడిగిన వాళ్ల పేరే ముందు గుర్తొస్తుంది, ఏ ఆఫీసులో చూసినా ఇంతే. అడిగితే కాదంటారేమో అన్న భయం మీకు ముందు నుంచీ ఉండి, దానికి చార్ట్ ఒక మర్యాదైన పేరు పెట్టిందేమో, మీ అంతట మీరే ఆలోచించుకోండి. పేపర్లు దిద్దే పని అయ్యాక, జూన్‌లో కాలేజీ తెరవకముందే వెళ్లి కలవండి. మీరు ఎన్నేళ్లుగా చెబుతున్నారో, మీ సబ్జెక్టులో ఫలితాలెలా ఉన్నాయో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. ఈసారి కుదరదంటే ఎప్పుడు కుదురుతుందో అక్కడే అడగండి.

ఇక పాప. తీయించకండి. పెద్దవాళ్లు చార్ట్ చూసుకుంటే నచ్చింది తీసుకుని మిగతాది వదిలేస్తారు, ఆరేళ్ల పిల్లకు ఆ వెసులుబాటు ఉండదు. 'మానిఫెస్టర్' అనే ఇంకో రకం అని వస్తే, అన్నం తిననని ఏడ్చినప్పుడల్లా వాళ్లకు కోపం సహజమట అనుకుంటారు. ఆకలి లేకపోవచ్చని, బడిలో ఏదో జరిగి ఉండొచ్చని తట్టదు. అత్తమ్మ మీకు గణం అంటగట్టినట్టే పాపకు మీరూ ఒకటి అంటగట్టిన వాళ్లవుతారు. దాని తీరు తెలుసుకోవాలంటే కొన్నాళ్లు గమనించండి. బడి నుంచి రాగానే మాట్లాడుతుందా, కాసేపు ఒంటరిగా ఉండి తర్వాత మాట్లాడుతుందా? బతుకమ్మ ఆడేటప్పుడు నేరుగా గుంపులోకి దూరుతుందా, పక్కన నిలబడి చూసి తర్వాత కలుస్తుందా? మీరు కాలేజీలో ఉన్నప్పుడు ఇంట్లో ఎలా ఉంటుందో అత్తమ్మను, మామయ్యను అడగండి. అత్తమ్మను ఇలాంటి విషయం అడిగి ఎన్నాళ్లయిందో కూడా గుర్తు చేసుకోండి.