హైదరాబాద్‌లో గ్రేట్ డేన్ పిల్లను డాగ్ షోలకు ఎలా పెంచాలి?

మీరు అడిగినవి మూడు: రెండు నెలల మగ గ్రేట్ డేన్ పిల్లకు ఏం పెట్టాలి, షో శిక్షణ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎముక బలానికి ఏ కాల్షియం సిరప్ పోయాలి. మూడో దానికే ముందు జవాబు చెబుతాను. ఏదీ పోయకండి. షాపువాళ్లు చెప్పినా, పక్కింటి లాబ్రడార్ కుక్కకు పనిచేసిందన్నా సరే.

ఆరు నెలల లోపు పిల్ల పేగులకు ఎక్కువైన కాల్షియాన్ని ఆపే శక్తి ఉండదు. పోసినదాంట్లో చాలా భాగం ఒంట్లోకి పోయి, ఎముకల చివర ఇంకా గట్టిపడని మెత్తటి భాగాన్ని దెబ్బతీస్తుంది. దానికి తోడు గుడ్లు, మటన్, నెయ్యి వేసి మేపితే బరువు ముందు వచ్చేస్తుంది, దాన్ని మోసే బలం కాళ్లకు ఇంకా రాదు. అలా పెరిగిన డేన్ పిల్లల్లో ముందుకాళ్ల మణికట్టు ముందుకు వంగుతుంది, పాదం వేళ్లు విచ్చుకుపోతాయి. మూడు నుంచి ఆరు నెలల మధ్య మణికట్టు పైన వాపు, జ్వరం, కుంటడం కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

తిండి విషయానికొస్తే, సంచి మీద ‘లార్జ్ బ్రీడ్ పప్పీ’ లేదా ‘జెయింట్ బ్రీడ్ పప్పీ’ అని ఉన్న డ్రై ఫుడ్ తీసుకోండి. లేబుల్ మీద కాల్షియం 1 నుంచి 1.5 శాతం మధ్య ఉండాలి, ఫాస్ఫరస్ దానికన్నా కాస్త తక్కువ ఉండాలి. మొదటి వారం పిల్లను ఇచ్చినవాళ్లు ఏది పెట్టారో అదే పెట్టి, తర్వాత పావు వంతు చొప్పున కొత్తది కలుపుతూ ఏడు నుంచి పది రోజుల్లో మార్చండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు ఖాయం. నాలుగు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత జీవితాంతం కనీసం రెండుసార్లు. పెరుగన్నం, ఉడికించిన చికెన్ లాంటివి రోజు తిండిలో పదో వంతు దాటనివ్వొద్దు. ఉడికించిన ఎముకలు అసలు వద్దు, చీలి పేగులో గుచ్చుకుంటాయి.

ఎంత పెట్టాలో సంచి మీది పట్టిక కన్నా మీ చెయ్యే బాగా చెబుతుంది. ఒళ్లు తడిమితే పక్కటెముకలు తేలిగ్గా తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనబడాలి. వారానికోసారి తూకం వేసి రాసుకోండి. చూడటానికి వచ్చిన చుట్టాలు ‘ఏంటండీ, ఇంత బక్కగా ఉంది’ అంటారు. అననివ్వండి. ఎత్తు వంశంలో ఉంటుంది. ఎక్కువ తిండి పెడితే ఆ ఎత్తు ముందే రావచ్చు గానీ, అంతకు మించి రాదు.

మన ఇళ్లలో ఇంకో ప్రమాదం నున్నటి టైల్స్, గ్రానైట్. జారే నేల మీద రోజూ కాళ్లు విడిపోతుంటే తుంటి, మోకాళ్లు చెడతాయి. పిల్ల తిరిగే దారిలో రబ్బరు మ్యాట్లు పరవండి. మెట్లు ఎక్కించడం, కారులోంచి దూకనివ్వడం, బైక్ పక్కన పరిగెత్తించడం ఏడాదిన్నర దాకా వద్దు. మట్టి నేల మీద తన ఇష్టానికి ఆడుకోనివ్వడమే దానికి మంచి వ్యాయామం. ఏప్రిల్, మేలలో తెల్లవారుజామునే తిప్పండి. సాయంత్రమైనా తారురోడ్డు మీద మీ అరచెయ్యి పెట్టి చూడనిదే బయటికి తీసుకెళ్లొద్దు. పిడుదుల మందు ఏడాది పొడవునా ఆపకూడదు. జ్వరం, తిండి మానడం, ముక్కులోంచి రక్తం కనిపిస్తే అది పిడుదుల వల్ల వచ్చే జ్వరం కావచ్చు, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూడమని అడగండి.

డేన్‌ను పెంచేవాళ్లు అన్నిటికన్నా భయపడాల్సింది పొట్ట మెలిపడటానికి. ఛాతీ లోతుగా ఉండే జాతుల్లో జీర్ణాశయం గాలితో ఉబ్బి తిరగబడుతుంది. ఈ ముప్పు గ్రేట్ డేన్‌కు చాలా ఎక్కువ. వాంతికి ప్రయత్నిస్తుంది కానీ ఏమీ రాదు, చొంగ కారుతుంది, ఒకచోట నిలవదు, పొట్ట బిగుసుకుంటుంది. తెల్లారాక చూద్దాం అనుకుంటే కుక్క దక్కదు. గంటల్లో ఆపరేషన్ జరగాలి. అందుకే రాత్రిపూట సర్జరీ చేసే ఆసుపత్రి ఏదో పిల్ల ఇంటికి రాకముందే కనుక్కుని పెట్టుకోండి. తిన్నాక రెండు గంటలు పరుగులు వద్దు. గబగబా మింగే పిల్లకు గడులున్న గిన్నె వాడండి. జీర్ణాశయాన్ని ముందుగానే పొట్ట గోడకు కుట్టే ఆపరేషన్ ఉంది. ఈ జాతికి అది చేయించడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇక షో. రిజిస్ట్రేషన్ కాగితాలు లేకపోతే రింగ్‌లోకి, అంటే జడ్జి కుక్కలను చూసే ఆవరణలోకి, రానివ్వరు. తల్లిదండ్రులిద్దరికీ కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (జాతి కుక్కలను నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో, పిల్లకు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) వేశారో లేదో డబ్బు ఇవ్వకముందే చూసుకోండి. ‘పేపర్లు తర్వాత పంపిస్తాం’ అంటే ఆ పిల్లను షో కోసం కొనొద్దు. చిప్ నంబరు, కాగితం మీది నంబరు ఒకటేనా అని స్కానర్‌తో చూపించమనండి. తర్వాత యాజమాన్యం మీ పేరు మీదికి మార్పించుకోవాలి. మగపిల్ల కాబట్టి రెండు వృషణాలూ కిందికి దిగాయా అన్నది కూడా జడ్జి చూస్తారు. అంతర్జాతీయ ప్రమాణంలో మగ డేన్ ఎత్తు భుజాల దగ్గర కనీసం 80 సెంటీమీటర్లు, 90 దాటకూడదు. చెవులు సహజంగా వాలి ఉండాలి, కత్తిరించే పని పెట్టుకోవద్దు.

శిక్షణ ఇంటికి తెచ్చిన వారంలోనే మొదలుపెట్టండి, రోజుకు రెండు మూడు నిమిషాలు చాలు. చెప్పినట్టు చేసినప్పుడు బహుమానంగా ఇవ్వడానికి ఉడికించి ఆరబెట్టిన కోడి కార్జం ముక్కలు బాగా పనిచేస్తాయి. మొదట నిలబడటం నేర్పాలి: ముందుకాళ్లు భుజాల కింద నిటారుగా, వెనక మడమ నుంచి పాదం దాకా నేలకు లంబంగా ఉండాలి. వెనక కాళ్లను మరీ వెనక్కి లాగితే వీపు వాలిపోయి కనిపిస్తుంది. కొత్తవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. కొత్త మనుషులతో పెదవి ఎత్తించి పళ్లు చూపించడం, ఒళ్లంతా తడిమించడం అలవాటు చేయండి. రింగ్‌లో కుక్క మీ ఎడమ పక్కన, జడ్జి వైపు ఉండాలి. నడకను ట్రాట్‌లో, అంటే ఒక ముందుకాలు, దానికి ఎదురు వైపు వెనక కాలు జతగా పడే చిన్న పరుగులో, చూస్తారు. ఒకే వైపు కాళ్లు రెండూ కలిపి వేస్తుంటే ఆగి, తల కొంచెం ఎత్తించి, కాస్త వేగంగా మళ్లీ మొదలుపెట్టండి. గోళ్లు వారం పది రోజులకోసారి కత్తిరించకపోతే పాదం ఆకారమే మారిపోతుంది.

పప్పీ క్లాసులో (షోలో పిల్లలకు ఉండే విభాగం) ఒకటి రెండు షోలకు అలవాటు కోసం తీసుకెళ్లండి, బహుమతి కోసం చూడకండి. ఈ జాతి మగకుక్క తల, ఛాతీ నిండటానికి రెండు మూడేళ్లు పడుతుంది. షోకు రెండు రోజుల ముందు స్నానం, షో రోజు ఉదయం సగం తిండి. నీళ్లు, తడి తువ్వాలు, పడుకోవడానికి మందపాటి దుప్పటి ఇంటి నుంచే తీసుకెళ్లండి. మిగిలిన సగం రింగ్‌లోంచి వచ్చి గంట గడిచాక, రొప్పడం పూర్తిగా తగ్గాకే పెట్టండి.