ప్రీఫ్రంటల్ కార్టెక్స్ దెబ్బతింటే జ్ఞాపకశక్తి పోతుందా?

వర్కింగ్ మెమరీ (కాసేపు మనసులో పట్టి ఉంచుకునే తాత్కాలిక జ్ఞాపకం) నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోనే నిల్వ ఉంటుందా, అక్కడ దెబ్బ తగిలితే జ్ఞాపకశక్తి పోతుందా అని అడిగారు. అది నిల్వ చేసే చోటు అనడం కన్నా, చేస్తున్న పనికి కావలసిన విషయాన్ని ఆ పని ముగిసేదాకా చెదిరిపోకుండా పట్టి ఉంచే భాగం అనడం సరైనదని నా అభిప్రాయం. రోడ్డు ప్రమాదంలో మా బాబాయికి మెదడు ముందుభాగం దెబ్బతిన్నాక ఆయనను దగ్గరుండి చూసుకున్నవాడిగా చెబుతున్నాను.

సైకాలజిస్టు కొన్ని అంకెలు చదివితే బాబాయి వాటిని అదే వరుసలో తడుముకోకుండా అప్పజెప్పేవారు. అవే అంకెలను చివరి నుంచి మొదటికి చెప్పమంటే మధ్యలోనే ఆగిపోయేవారు. చుట్టాల పేర్లు, పొలం సర్వే నంబర్లు అన్నీ గుర్తున్నాయి. కానీ మందు వేసుకుందామని లేచిన మనిషి, టీవీలో ఏదో వినిపించగానే ఎందుకు లేచారో మరచి అక్కడే నిలబడిపోయేవారు.

దీనికి నాకు దొరికిన అతి దగ్గరి వివరణ కోతులపై జరిగిన పాత ప్రయోగాలలో ఉంది. 1930లలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో కార్లైల్ జాకబ్సన్, రెండు గిన్నెలలో ఒకదాని కింద తిండి పెట్టడం కోతికి చూపించి, కొన్ని సెకన్లపాటు తెర దించి, ఆ తరువాత గిన్నెను ఎంచుకోనిచ్చేవారు. మెదడు ముందుభాగం రెండు వైపులా తొలగించిన కోతులు ఇందులో విఫలమయ్యాయి. అయితే 1942లో రాబర్ట్ మాల్మో ఆ విరామంలో దీపాలు ఆర్పి చూసినప్పుడు, అటువంటి కోతులే ఎంతో మెరుగ్గా ఎంచుకున్నాయి. అంటే తిండి ఎక్కడుందో వాటి మెదడులో నమోదు కాకపోవడం కాదు, నమోదైనదాన్ని కంటికి కనిపించే ఇతర విషయాల తాకిడి నుంచి కాపాడుకోలేకపోవడమే అసలు లోపం.

ఆ కాపాడటం ఎలా జరుగుతుందో 1971లో ఫుస్టర్, అలెగ్జాండర్ అనే శాస్త్రవేత్తలు కోతులపై చేసిన ప్రయోగాలు కొంత చూపించాయి: తెర దించి ఉన్నంతసేపూ ఈ భాగంలోని కొన్ని న్యూరాన్లు (నాడీకణాలు) సంకేతాలు పంపుతూనే ఉన్నాయి. న్యూరాన్లు ఒకదానినొకటి ఉత్తేజపరుచుకోవడం వల్ల ఇది సాధ్యమవుతుందని మెదడు శాస్త్రవేత్త ప్యాట్రీషియా గోల్డ్‌మన్-రాకిచ్ వివరించారు. దీనికి న్యూరాన్ల మధ్య సంకేతాలు చేరవేసే డోపమైన్ అనే రసాయనం తగుమాత్రంగా ఉండాలి. తగ్గినా, మితిమీరినా పట్టు సడలుతుంది. తీవ్రమైన ఒత్తిడి కూడా ఈ పట్టును దెబ్బతీస్తుంది కాబట్టి, బాబాయిని తొందరపెట్టవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.

మందుల వేళకు టీవీ కట్టేయడం, ఒకసారి ఒక్క పనే చెప్పడం, చేయవలసినది చీటీ మీద రాసి చేతికివ్వడం మాకు బాగా ఉపయోగపడ్డాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటి దెబ్బ తగిలి ఉంటే, జ్ఞాపకశక్తి బాగానే ఉందన్న మాటతో ఆగిపోకుండా, అంకెలు తిరగేసి చెప్పించే పరీక్షల వంటివి కూడా చేయించమని న్యూరాలజిస్టును అడగండి.